పొత్తికడుపు నొప్పి నెలల తరబడి వదలట్లేదా? వ్యాయామం ఇలా మొదలుపెట్టండి

నొప్పి మొదలై ఆరు నెలలు దాటింది. బొడ్డు కింద నుంచి గజ్జల దాకా, ఒక్కోసారి నడుములోకి, తొడల్లోకి లాగుతుంది. స్కానింగ్ తీయిస్తే అంతా నార్మల్ అన్నారు. బిళ్లలు వేసుకున్నన్ని రోజులు తగ్గుతుంది, ఆపగానే మళ్లీ మొదలు. ఇంట్లోవాళ్లు "ఆడవాళ్లకు ఇది మామూలే" అంటారు. పక్కింటావిడ "గర్భసంచి తీయించుకో, పీడ పోతుంది" అంటుంది. హనుమకొండలో ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరికి వచ్చే స్త్రీలలో చాలామంది ఈ మాటలన్నీ విని విని వచ్చినవాళ్లే.

వాళ్లకు నేను మొదట చెప్పేది ఒకటే. ఈ నొప్పిలో కండరాల బిగింపుకు పెద్ద వాటా ఉంటుంది, అది స్కానింగ్‌లో కనపడదు. కటి ఎముకల మధ్య, ముందు ఎముక నుంచి వెనుక తోక ఎముక దాకా అడుగున కొన్ని కండరాలు పరుచుకుని ఉంటాయి. వాటిని పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం వాటి మీదే ఆనుకుని ఉంటాయి. నొప్పి ఎక్కువ కాలం ఉంటే ఆ కండరాలు భయంతో ముడుచుకుపోతాయి. పిడికిలి రోజంతా బిగించి ఉంచితే చెయ్యి ఎలా లాగుతుందో ఇక్కడా అంతే. అసలు కారణం తగ్గిపోయాక కూడా ఆ బిగింపు ఉండిపోయి, అదే నొప్పి అవుతుంది.

అందుకే చేసే వరుస ముఖ్యం. ముందు బిగింపు వదలాలి. తర్వాత సాగదీయాలి. బలం పెంచేది చివరికి.

ముందు డాక్టర్ దగ్గర తేల్చుకోండి

ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం), అడినోమయోసిస్ (ఆ పొర గర్భసంచి గోడలోకి పెరగడం), గర్భసంచిలో గడ్డలు, ట్యూబుల్లో ఇన్ఫెక్షన్, పాత ఆపరేషన్ తర్వాత లోపల అతుకులు పడడం, మూత్రాశయంలో మంట, పేగుల సమస్య, మన దేశంలోనైతే గర్భసంచికి టీబీ కూడా ఈ నొప్పికి కారణాలు కావచ్చు. ఒక్కోసారి రెండు మూడు కలిసి ఉంటాయి. వాటికి మందులు వాడుతూనే వ్యాయామం చేయాలి. వ్యాయామం మొదలుపెట్టాం కదా అని బిళ్లలు మానేయకండి.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ దవాఖానాతో మొదలుపెట్టండి. 2023 మార్చి 8న కరీంనగర్‌లో ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలైంది. దాని కింద ఎంపిక చేసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, బస్తీ దవాఖానాల్లో మంగళవారం స్త్రీల కోసం ప్రత్యేకంగా ఓపీ పెట్టారు. మీ దగ్గర్లో ఎక్కడ చూస్తున్నారో ఆశా కార్యకర్తను అడగండి. పెద్ద పరీక్షలకు వరంగల్ సీకేఎం ప్రసూతి ఆసుపత్రి, హనుమకొండ ప్రసూతి ఆసుపత్రి, ఎంజీఎం పెద్దాసుపత్రి ఉన్నాయి.

కొన్ని లక్షణాలుంటే మాత్రం వ్యాయామం మాట పక్కన పెట్టి వెంటనే చూపించుకోవాలి. జ్వరంతో కూడిన నొప్పి, ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించడం, కలయిక తర్వాత రక్తం రావడం, మూత్రంలో లేదా మలంలో రక్తం, ఏ కారణం లేకుండా బరువు తగ్గడం, దుర్వాసనతో తెల్లబట్ట. నెల తప్పి ఉన్నట్టుండి పొత్తికడుపులో ఒకవైపు విపరీతంగా నొప్పి వస్తే అది ట్యూబులో గర్భం కావచ్చు, ఆ పూటే ఆసుపత్రిలో ఉండాలి. రెండు తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా లేదా తెలియకుండా పోయినా, కాళ్లలో పట్టు తప్పినా తెల్లారేదాకా ఆగకండి.

ఇక గర్భసంచి సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే, గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉంటాయి. ఇది నన్ను బాధపెట్టే విషయం. ఆ ఆపరేషన్ నిజంగా అవసరమైన జబ్బులు ఉన్నాయి, కాదనను. కానీ నొప్పి కండరాలదైతే గర్భసంచి తీసేసినా అది అక్కడే ఉంటుంది. చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు, గుండె మీద ఆ ప్రభావం జీవితాంతం పడుతుంది. ఎవరైనా ఆపరేషన్ అన్నప్పుడు "ఏ జబ్బుకు తీస్తున్నారు? అండాశయాలు ఉంచుతారా? వేరే దారి ఏముంది?" అని అడగండి. ఇంకో డాక్టర్‌కూ చూపించండి. క్యాన్సర్, ఆగని రక్తస్రావం లాంటివి కాకపోతే రెండు మూడు వారాలు ఆలోచించుకున్నంత మాత్రాన నష్టం ఉండదు.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి

పిల్లల పాత నోట్‌బుక్ చాలు. రోజూ పడుకునే ముందు నాలుగు మాటలు రాయండి. నొప్పి పదికి ఎంత, నెలసరి ఎన్నో రోజు, మోషన్ సాఫీగా అయిందా, ఆ రోజు చేసిన పెద్ద పని ఏమిటి. రాయడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలతో రాయించుకోండి. రెండు వారాలు రాస్తే మీ నొప్పి దేనికి పెరుగుతుందో మీకే కనిపిస్తుంది. డాక్టర్‌కు చూపిస్తే ఆవిడకూ సగం పని తేలికవుతుంది.

మొదటి మెట్టు: ఊపిరి

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. నా దగ్గర అందరూ తొందరపడి దాటేయాలనుకునేది ఇదే, ఎక్కువమందికి మొదట ఉపశమనం ఇచ్చేదీ ఇదే.

మనం ఊపిరి పీల్చినప్పుడు ఛాతీకి, పొట్టకు మధ్య ఉన్న పెద్ద కండరం కిందికి దిగుతుంది. దాంతోపాటు కటి అడుగు కండరాలు కూడా కొంచెం కిందికి వదులవుతాయి. గాలి వదిలినప్పుడు రెండూ పైకి వస్తాయి. నొప్పి ఉన్నవాళ్లు పొట్ట బిగబట్టి, పైపైన ఛాతీతోనే ఊపిరి తీస్తారు. దాంతో అడుగు కండరాలకు వదులయ్యే అవకాశమే దొరకదు.

ఆ మధ్య కోరుట్ల వైపు నుంచి బీడీలు చుట్టే ఆవిడ ఒకామె వచ్చింది. రోజంతా బాసింపట్టు వేసుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, మెడ వంచి కూర్చునే పని. పడుకోబెట్టి పొట్ట మీద చెయ్యి పెట్టుకోమన్నాను. ఊపిరి తీస్తే భుజాలు లేస్తున్నాయి, మెడ నరాలు తేలుతున్నాయి, పొట్ట మీది చెయ్యి మాత్రం కదలట్లేదు. "పొట్ట వదిలెయ్యమ్మా" అంటే, "వదిలితే నొప్పి ఇంకా ఎక్కువైతదేమో మేడం" అంది. మోకాళ్ల కింద రెండు దిండ్లు పెట్టాను. వేడి చాయ్ మీద ఊదినంత నెమ్మదిగా నోటితో గాలి వదలమన్నాను. కాసేపటికి చెయ్యి అంగుళం పైకి లేచింది. బిగించి ఉన్న దవడ కూడా అప్పుడే వదులైంది. దవడ, పిడికిళ్లు, పిరుదులు బిగించే అలవాటున్నవాళ్లకు అడుగు కండరాలు కూడా బిగిసే ఉంటాయి. మీరు చేసేటప్పుడు ముందు పళ్లు ఎడంగా ఉన్నాయో లేదో చూసుకోండి.

చేసే పద్ధతి ఇది. చాప మీద బొంత పరుచుకుని వెల్లకిలా పడుకోండి. మోకాళ్ల కింద దిండ్లు పెట్టుకుంటే కాళ్ల బరువు దిండ్ల మీద పడుతుంది. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి బొడ్డు కింద పెట్టండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చండి. పొట్ట మీది చెయ్యి లేవాలి, పక్కటెముకలు విచ్చుకోవాలి, ఛాతీ మీది చెయ్యి పెద్దగా కదలకూడదు. అదే సమయంలో మూత్రం, గ్యాస్ ఆపుకునే చోటు మెత్తబడుతోందా గమనించండి. తర్వాత ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి వదలండి. వదిలేటప్పుడు పొట్టను లోపలికి లాగొద్దు. పీల్చేటప్పుడు ముక్కుతూ కిందికి తొయ్యొద్దు. పొద్దున అయిదు నిమిషాలు, రాత్రి అయిదు నిమిషాలు. తల తిరిగినట్టనిపిస్తే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి.

మొదటి వారం ఇది తప్ప ఇంకేమీ వద్దు. వెల్లకిలా అలవాటయ్యాక పక్కకు తిరిగి, తర్వాత కుర్చీలో, ఆ తర్వాత నిలబడి, చివరికి గిన్నెలు తోముతూ కూడా చేయగలగాలి.

రెండో మెట్టు: సాగదీయడం

రెండో వారం నుంచి ఊపిరికి ఇవి కలపండి. ఒక్కోదానిలో అర నిమిషం నుంచి నిమిషం దాకా ఉండి, రెండు మూడుసార్లు చేయండి. ఊపిరి ఆపకండి.

పడుకుని ఒక్కో మోకాలు ఛాతీ దగ్గరికి తెచ్చుకోవడంతో మొదలుపెట్టండి. అది హాయిగా ఉంటే రెండు మోకాళ్లూ ఎడంగా చంకల వైపు తెచ్చి, చేతులతో తొడల వెనక పట్టుకోండి. పసిపిల్లలు పడుకుని పాదాలు పట్టుకునే భంగిమ ఇది. అడుగు కండరాలు బాగా వదులయ్యేది ఇందులోనే.

తర్వాత మోకాళ్లు మడిచి, కుడి చీలమండను ఎడమ మోకాలి మీద వేసి, ఎడమ తొడను దగ్గరికి లాక్కోండి. కుడి పిరుదులో లాగినట్టు తెలుస్తుంది. రెండో వైపు కూడా అంతే. పిరుదు లోపలి కండరాలు కటి అడుగుకు ఆనుకునే ఉంటాయి, అవి బిగిస్తే నొప్పి కాలిలోకి కూడా దిగుతుంది.

రెండు అరికాళ్లు కలిపి మోకాళ్లు పక్కలకు వదిలే సీతాకోక భంగిమ చాలామందికి తెలుసు. మోకాళ్లను ఆడించకండి, కిందికి నొక్కకండి. రెండు వైపులా దిండ్లు పెట్టి వాటి మీద వదిలేయండి. గజ్జలు వాటంతటవే వదులవుతాయి.

మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చుని ముందుకు వంగే శశాంకాసనం వేసేటప్పుడు మోకాళ్లు ఎడంగా పెట్టి, ఛాతీ కింద పెద్ద దిండు పెట్టుకుని దాని మీద వాలిపోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దీన్ని వదిలేసి, కుర్చీలో కాళ్లు ఎడంగా పెట్టుకుని టేబుల్ మీదికి వంగినా సరిపోతుంది. చేతులు, మోకాళ్ల మీద ఉండి నడుమును పైకీ కిందికీ మెల్లగా కదిపే మార్జాలాసనం పది సార్లు చేయండి.

బీడీలు చుట్టేవాళ్లు, మిషన్ కుట్టేవాళ్లు, బ్యాంకుల్లో, ఆఫీసుల్లో కూర్చుని చేసేవాళ్లు ఇంకొకటి తప్పకుండా చేయాలి. మంచం అంచున వెల్లకిలా పడుకుని, లోపలి వైపు మోకాలిని ఛాతీకి పట్టుకుని, బయటి కాలిని మంచం కిందికి వేలాడదీయండి. గంటల తరబడి కూర్చుంటే తుంటి ముందు భాగం కుదించుకుపోతుంది. ఇది దాన్ని తెరుస్తుంది.

ఎంతవరకు నొప్పి ఓర్చుకోవచ్చు? లాగినట్టు ఉండొచ్చు, పొడిచినట్టు ఉండకూడదు. చేస్తున్నప్పుడు నొప్పి అంకె అప్పటికి ఉన్నదానికంటే రెండుకు మించి పెరగకూడదు, మర్నాడు పొద్దుటికి పాత స్థాయికి రావాలి. రాకపోతే చేసింది ఎక్కువైంది, సగానికి తగ్గించండి. గర్భవతులు, పెద్దాపరేషన్ లేదా మరే కడుపు ఆపరేషన్ అయి ఆరు వారాలు నిండనివాళ్లు డాక్టర్ అనుమతి లేకుండా మొదలుపెట్టొద్దు.

రోజువారీ పనుల్లో మార్చుకోవాల్సినవి

పది నిమిషాలు వ్యాయామం చేసి మిగతా రోజంతా బిగబట్టుకుని ఉంటే ఫలితం ఉండదు. కూర్చుని చేసే పనిలో అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. పత్తి ఏరేటప్పుడు, నాట్లు వేసేటప్పుడు ఒక సాలు అయిపోగానే నడుం నిలబెట్టి రెండు ఊపిరులు తీసుకోండి. బిందె ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు, గాలి వదులుతూ ఎత్తండి.

మూత్రం సంగతి మన దగ్గర ఎవరూ పైకి మాట్లాడరు. చేన్లో మరుగుదొడ్డి ఉండదు కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపుకుంటారు, ఆపుకోవాలని నీళ్లే తాగరు. మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలు కొడుతున్నా ఇదే తీరు. మూత్రం చిక్కబడి మంట పెడుతుంది, మలబద్ధకం వస్తుంది, ఆపుకోవడానికి అడుగు కండరాలు గంటల తరబడి బిగుస్తాయి. మేస్త్రీతో మాట్లాడి నలుగురు ఆడవాళ్లు కలిసి ఒక చాటు ఏర్పాటు చేయించుకోండి, ఇది అడగడానికి సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఇటు పట్నంలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అలవాటు ఉంది. బయటికి వెళ్లే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, రాకపోయినా ఒకసారి వెళ్తారు. అలా చేస్తే మూత్రాశయం కొంచెం నిండినా ఆగలేని స్థితికి వస్తుంది. రెండు నుంచి నాలుగు గంటలకోసారి మామూలు. శుభ్రంగా లేవని బస్టాండు కమోడ్‌ల మీద గాల్లో లేచి నిలబడితే అడుగు కండరాలు వదులు కావు, తుడుచుకుని కూర్చోండి.

మోషన్‌కు ముక్కడం ఈ నొప్పికి శత్రువు. కమోడ్ వాడేవాళ్లు పాదాల కింద జానెడు ఎత్తు పీట వేసుకుని, మోకాళ్లు తుంటి కంటే పైకి వచ్చేలా కూర్చోండి. జొన్నరొట్టె, ఆకుకూరలు, జామపండు, సరిపడా నీళ్లు ఉంటే చాలామందికి మోషన్ బిళ్లల అవసరం రాదు.

నడక రోజూ ఉండాలి. పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి రెండు నిమిషాలు పెంచండి. భద్రకాళి బండ్, వడ్డేపల్లి చెరువు కట్ట, కరీంనగర్‌లోనైతే మానేరు డ్యాం కట్ట, ఏదీ దగ్గర లేకపోతే మీ వాడకట్టులోనే. నొప్పి లేని రోజు ఉత్సాహంగా గంట నడిచి, మర్నాడు మంచం పట్టడం కంటే రోజూ ఇరవై నిమిషాలు మేలు.

మూడో మెట్టు: బలం

ఊపిరి, సాగదీయడం నాలుగు నుంచి ఆరు వారాలు కుదురుగా చేసి, నొప్పి కొంత దిగాకే ఇక్కడికి రండి. పడుకుని మోకాళ్లు మడిచి నడుము ఎత్తడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పక్కకు పడుకుని పై కాలు ఎత్తడం. ఒక్కొక్కటి ఎనిమిది నుంచి పది సార్లు, వారానికి మూడు రోజులు. ఎత్తేటప్పుడు గాలి వదలండి. "ఈసారి సద్దుల బతుకమ్మ నాడు వంగి చప్పట్లు కొడుతూ ఆడాలి మేడం" అని గురి పెట్టుకుని చేసినవాళ్లు ఉన్నారు. అలాంటిది మీరూ ఒకటి పెట్టుకోండి.

కీగెల్ వ్యాయామాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మూత్రాన్ని ఆపుకున్నట్టు కండరాలు బిగించి వదలడమే కీగెల్. ఆర్నాల్డ్ కీగెల్ అనే అమెరికన్ డాక్టర్ 1948లో దీన్ని ప్రచురించింది కాన్పు తర్వాత వదులైన కండరాల కోసం, మూత్రం కారే స్త్రీల కోసం. మీ కండరాలు ఇప్పటికే బిగిసి ఉంటే ఇంకా బిగించడం వల్ల నొప్పి పెరుగుతుంది. ఫిజియోథెరపిస్టు పరీక్షించి చెప్పేదాకా కీగెల్ వద్దు. దగ్గినప్పుడు మూత్రం కారుతున్నా సరే, నొప్పి కూడా ఉంటే ముందు పరీక్ష చేయించుకోండి.

నొప్పి ఎగదన్నిన రోజు

నెలసరి ముందు, పెళ్లిళ్ల పని తర్వాత, టెన్షన్ పడ్డప్పుడు నొప్పి ఒక్కసారిగా పెరగొచ్చు. చేసిందంతా పోయిందని భయపడొద్దు. ఆ రోజు సాగదీసేవి ఆపండి. నేల మీద పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టి ఊపిరి ఒక్కటే చేయండి. వేడినీళ్ల బ్యాగును బట్టలో చుట్టి పదిహేను నిమిషాలు పొత్తికడుపు మీద ఉంచండి. మంచం మీదే ఉండిపోకుండా ఇంట్లోనే అటూ ఇటూ తిరగండి. నొప్పి దిగాక సగం మోతాదుతో మళ్లీ మొదలుపెట్టండి.

కలయికలో నొప్పి ఉన్నవాళ్లు పళ్ల బిగువున ఓర్చుకుంటారు. అలా ఓర్చుకున్న ప్రతిసారీ శరీరం ముందే బిగుసుకోవడం నేర్చుకుంటుంది. భర్తకు సూటిగా చెప్పండి, కొన్ని వారాలు ఆపండి. చెప్పడం కష్టమైతే ఈ భాగం చదివించండి. నేను కొందరి భర్తలను కూడా కూర్చోబెట్టి మాట్లాడతాను, అర్థం చేసుకున్నవాళ్లే ఎక్కువ.

ఫిజియోథెరపిస్టును ఎలా ఎంచుకోవాలి

అందరు ఫిజియోథెరపిస్టులకూ ఇందులో శిక్షణ ఉండదు. ఫోన్‌లోనే "పెల్విక్ ఫ్లోర్ చూస్తారా, ఆడవాళ్లే చూస్తారా" అని అడగండి. పొట్ట, తుంటి, తొడలు, పాత కుట్ల చోటు బయటి నుంచి పరీక్షించి చేసే చికిత్స చాలా ఉంది. లోపలి పరీక్ష అవసరమైతే గ్లవ్ వేసుకుని ఒక వేలితో చేస్తారు. ముందు వివరించి, మీరు ఒప్పుకున్నాకే చేయాలి. మధ్యలో వద్దంటే ఆపాలి. తోడుగా మీ మనిషిని ఉంచుకోవచ్చు. పెళ్లి కాని అమ్మాయిలకు లోపలి పరీక్ష లేకుండానే చికిత్స చేయవచ్చు.

ఇలా చేత్తో కండరాల ముడులు వదిలించే చికిత్సకు ఆధారం ఉంది. ఉత్తర అమెరికాలో మూత్రాశయ నొప్పి ఉన్న 81 మంది స్త్రీల మీద జరిపి, 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ చికిత్స తీసుకున్నవాళ్లలో 59 శాతం మంది మేలు చెప్పారు. మామూలు మసాజ్ తీసుకున్నవాళ్లలో 26 శాతం మందే చెప్పారు. అందరికీ తగ్గదని కూడా అదే అధ్యయనం చూపిస్తోంది.

పన్నెండు వారాలు అయ్యాక నోట్‌బుక్ మొదటి పేజీలు, చివరి పేజీలు పక్కపక్కన పెట్టి చూడండి. నొప్పి అంకె పెద్దగా మారకపోయినా బస్సులో హనుమకొండ నుంచి కరీంనగర్ దాకా కూర్చోగలుగుతున్నారా, రాత్రి నిద్ర పడుతోందా, మోషన్ సులువైందా అని చూసుకోండి. ఇవి మారుతుంటే కొనసాగించండి. ఏదీ మారకపోతే ఆ నోట్‌బుక్ తీసుకుని మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మామూలు స్కానింగ్‌లో ఎండోమెట్రియోసిస్ తప్పిపోవచ్చు కాబట్టి లాపరోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో లోపల చూడడం) అవసరమా, మూత్రాశయాన్నో పేగులనో చూపించుకోవాలా, నరం ఏదైనా నొక్కుకుందా అని ఒక్కొక్కటిగా అడిగి, ఆవిడ చెప్పిన జవాబును అదే నోట్‌బుక్‌లో రాసుకోండి.